జేబులో పట్టే శ్వాస పరీక్ష యంత్రం: నాలుగు నెలల వాడకంలో తేలిన సంగతులు

బస్సు డిపోలో కంట్రోలరుగా పనిచేసిన రోజుల్లో, తెల్లవారుజామున మొదటి సర్వీసు తీయడానికి వచ్చిన డ్రైవరు తాగి ఉన్నాడా లేదా అని చూడటం నా విధుల్లో ఒకటి. ఉద్యోగంలో చేరిన కొత్తలో అందుకు మా దగ్గర ఉన్న సాధనం ముక్కు ఒక్కటే; సంతకం పెట్టడానికి వంగిన మనిషితో నాలుగు మాటలు కలిపి వాసన పట్టుకునేవాళ్లం. తరువాత ఊదే యంత్రాలు వచ్చాయి, అంకెలు వచ్చాయి, వాదనలు తగ్గాయి. పదవీ విరమణ చేశాక మళ్లీ అలాంటి యంత్రాన్ని, ఈసారి సొంత డబ్బుతో కొనవలసి వస్తుందని నేను అనుకోలేదు. మా ఇంట్లో తాగుడు పెద్దగా లేదు. నేను నెలకు ఒకటి రెండుసార్లు, అల్లుడు వారాంతాల్లో, పండగలకూ పెళ్లిళ్లకూ వచ్చే బంధువులు ఎవరి అలవాటు కొద్దీ వారు పుచ్చుకుంటారు. అయితే హైదరాబాదులో ఎక్కడికి వెళ్లినా పాతిక ముప్పయి కిలోమీటర్ల తిరుగు ప్రయాణం తప్పదు కాబట్టి, "రెండే పెగ్గులు కదా, ఏమీ కాదు" అన్న మాట మా గుమ్మం దగ్గర ప్రతిసారీ వినిపిస్తూ ఉండేది. ఆ మాటకు మరో మాటతో కాక అంకెతో జవాబు చెప్పాలని గత సెప్టెంబరులో ఈ యంత్రాన్ని ఆన్‌లైనులో తెప్పించాను. దీని సర్వీసు గురించి నాకు ఒక ఫిర్యాదు ఉంది కనుక కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే వాటిలో చాలా భాగం ఈ తరగతి యంత్రాలన్నిటికీ వర్తిస్తుంది.

ధర 6,800 రూపాయలు. పెట్టెలో యంత్రం, ఊదడానికి అయిదు ప్లాస్టిక్ గొట్టాలు, ఛార్జింగు తీగ, చిన్న సంచి, చదవడానికి భూతద్దం కావలసిన సూచనల పుస్తకం ఉన్నాయి. ఇదే పని చేస్తామని చెప్పుకునే యంత్రాలు వెయ్యి రూపాయల లోపు కూడా దొరుకుతాయి గాని, వాటి జోలికి వెళ్లవద్దని నా సలహా. తేడా లోపలి సెన్సారులో ఉంది. చవక రకాల్లో వేడెక్కిన టిన్ ఆక్సైడు పొర ఉంటుంది. ఊపిరిలోని వాయువులు తగిలినప్పుడు దాని విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పు మద్యం వల్ల వచ్చిందా, ఉపవాసం ఉన్నవారి ఊపిరిలోనూ చక్కెర వ్యాధి అదుపు తప్పినవారి ఊపిరిలోనూ ఉండే ఎసిటోన్ వల్ల వచ్చిందా అన్నది అది గట్టిగా తేల్చుకోలేదు. నేను కొన్నదానిలో ఫ్యూయల్ సెల్ ఉంది. ప్లాటినం పూత మీద ఆల్కహాలు ఆక్సీకరణం చెంది ఎసిటిక్ ఆమ్లంగా మారేటప్పుడు పుట్టే కరెంటును అది కొలుస్తుంది. పోలీసుల చేతిలో ఉండే మంచి యంత్రాలు పనిచేసేదీ ఈ పద్ధతిలోనే. మద్యం సీసా మూత ఎటు తిరుగుతుందో కూడా తెలియని మా ఆవిడ ఏకాదశి ఉపవాసం ఉన్న సాయంత్రం ఆమెను బతిమాలి రెండు యంత్రాల్లో ఊదించాను. పక్కింటాయన 900 రూపాయలకు కొన్నది రక్తంలో 0.01 శాతం ఆల్కహాలు ఉందని చూపించింది, నాది సున్నా చూపించింది. ఆ తరువాత రెండు రోజులు ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడలేదు, అది వేరే సంగతి.

ఇక అసలు లోపం దగ్గరకు వస్తాను. యంత్రం పెట్టెలోంచి తీసినప్పుడు అంకె 0.05 దాటితే ఎర్ర దీపం, దాటకపోతే పచ్చ దీపం వెలిగేలా అమర్చి ఉంది. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు, అంటే శాతంలో 0.03. ఎక్కడో 0.05 చెల్లుబాటయ్యే దేశాల కోసం తయారుచేసిన అమరికను మార్చకుండా ఇక్కడ అమ్ముతున్నారు. దీని అర్థం ఏమిటంటే, రక్తంలో 40 మిల్లీగ్రాములతో జైలు శిక్షకు తగిన నేరం చేయబోతున్న మనిషికి ఈ యంత్రం పచ్చ దీపం చూపించి సాగనంపుతుంది. మీటను కొంతసేపు నొక్కిపట్టి అమరికల్లోకి వెళితే ఈ హద్దును 0.03కు మార్చుకోవచ్చు, కానీ ఆ సంగతి సూచనల పుస్తకం పదకొండో పేజీలో ఉంది. కొన్నవారిలో ఎందరు అంతదూరం చదువుతారు?

కొలమానాల గందరగోళం కూడా తక్కువది కాదు. యంత్రం ఒకే ఫలితాన్ని మూడు రకాలుగా చూపించగలదు: శాతంలో 0.03, లీటరు రక్తానికి గ్రాముల్లో 0.3, లీటరు ఊపిరికి మిల్లీగ్రాముల్లో సుమారు 0.14. మూడూ ఒక్కటే. రహదారి మీద పోలీసులు చూపించే అంకె సాధారణంగా 100 మిల్లీలీటర్లకు మిల్లీగ్రాముల్లో ఉంటుంది, కాబట్టి వారి యంత్రంలో 35 అని వస్తే మన యంత్రంలో 0.035 అని అర్థం. యంత్రం నిజానికి రక్తాన్ని చూడదు. 2,100 మిల్లీలీటర్ల లోతైన ఊపిరిలో ఎంత ఆల్కహాలు ఉంటుందో ఒక మిల్లీలీటరు రక్తంలో అంతే ఉంటుందన్న సగటు లెక్కతో ఊపిరి నుంచి రక్తానికి వెళుతుంది. అందుకే బుగ్గలతో ఊదితే తక్కువ వస్తుంది, ఊపిరితిత్తుల అడుగు నుంచి ఊదితే సరైనది వస్తుంది. మొక్కుబడిగా ఊదినప్పుడు మాది మళ్లీ ఊదమంటుంది, అది మంచి గుణం.

అమెరికాలో డాలస్‌లో ఉంటున్న మా తమ్ముడి కొడుకు మొన్న వచ్చినప్పుడు, "మా దగ్గర 0.08 దాకా పర్వాలేదు పెదనాన్నా" అన్నాడు. టెక్సస్‌లోనూ, అక్కడి దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ హద్దు అదే; యూటా ఒక్కటి 2018 డిసెంబరు నుంచి 0.05కు దించుకుంది. ఇంగ్లండులో 80 మిల్లీగ్రాములు, స్కాట్లండులో 2014 నుంచి 50. సెలవులకు ఇంటికి వచ్చి అద్దె కారు తీసుకునే మనవాళ్లు అక్కడి అంకెను మనసులో పెట్టుకుని ఇక్కడ నడుపుతారు. అక్కడి హద్దులో ఎనిమిదింట మూడు వంతులు దాటగానే ఇక్కడ నేరమవుతుందన్న సంగతి వాడికి ఆ రోజే తెలిసింది.

చట్టం గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే యంత్రం ఎంతవరకు పనికొస్తుందో చట్టం తెలిస్తేనే తెలుస్తుంది. 2019 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన సవరణకు ముందు మొదటిసారి దొరికినవారికి జరిమానా 2,000 రూపాయల వరకే ఉండేది. ఇప్పుడు మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా లేదా రెండూ, మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు లేదా 15,000 రూపాయలు లేదా రెండూ. ఇది రహదారి మీద డబ్బు కట్టి రసీదు తీసుకుని వెళ్లే చలానా వంటిది కాదు, న్యాయస్థానానికి వెళ్లవలసిన కేసు. హైదరాబాదులో దొరికినవారిని గోషామహల్‌లోనో బేగంపేటలోనో ఉన్న ట్రాఫిక్ శిక్షణ కేంద్రానికి, వెంట కుటుంబ సభ్యులను తీసుకుని కౌన్సెలింగుకు రమ్మంటారు, ఆ తరువాత జడ్జి ముందు నిలబడాలి. భార్య పక్కన కూర్చుని ఆ ప్రమాదాల చిత్రాలు చూడటం 10,000 రూపాయల కంటే బరువుగా అనిపించిందని, అలా వెళ్లివచ్చిన ఒక స్నేహితుడు నాతో చెప్పాడు. చట్టంలోని మాట "నడుపుతున్నా, నడపడానికి ప్రయత్నిస్తున్నా" అని ఉంది కాబట్టి, ఇంకా బండి కదలలేదు కదా అన్న వాదన నిలవదు. ద్విచక్ర వాహనానికీ కారుకూ లారీకీ హద్దు ఒక్కటే. చాలామందికి తెలియని 188వ సెక్షను ఇంకొకటి ఉంది. ఈ నేరానికి ప్రోత్సహించినవారికీ అదే శిక్ష పడుతుంది, కనుక తాగిన మనిషి చేతికి తాళం ఇచ్చి "నువ్వే నడుపు, నువ్వయితే బాగా నడుపుతావు" అనే మిత్రుడు ఆ సెక్షనును ఒకసారి చదువుకోవాలి.

వాహనం సంగతి కూడా చెబుతాను. దొరికిన రాత్రి బండిని పోలీసులు తీసుకుపోయి నెలల తరబడి ఇవ్వరన్న భయం జనంలో ఉంది. 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు ఈ విషయంలో స్పష్టమైన ఆదేశాలిచ్చింది: వెంట తాగని మనిషి, లైసెన్సు ఉన్నవాడు ఉంటే బండిని అతనికి అప్పగించాలి, ఎవరూ లేకపోతే తాత్కాలికంగా స్టేషనుకో భద్రమైన చోటుకో తరలించి, యజమానో అతని తరఫువారో తగిన పత్రాలు చూపించగానే ఇచ్చివేయాలి.

మరి పోలీసుల యంత్రం 38 చూపించినప్పుడు నా యంత్రం 0.026 చూపించిందని వాదించవచ్చా? వాదించలేము. చట్టం 203వ సెక్షనులో శ్వాస పరీక్ష అంటే కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన రకం యంత్రంతో చేసే పరీక్ష అని నిర్వచనం ఉంది. నేను 6,800 పెట్టి కొన్నది నాకు సలహాదారు మాత్రమే, న్యాయస్థానంలో సాక్షి కాదు. ఊదనని మొండికేసినా లాభం లేదు. నిరాకరించిన మనిషి తాగాడని అనుమానించడానికి కారణం ఉంటే వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఆ సెక్షనే ఇస్తుంది, సరైన కారణం లేని నిరాకరణను ప్రాసిక్యూషను తన సాక్ష్యానికి బలంగా వాడుకోవచ్చునని 205వ సెక్షను చెబుతుంది. స్టేషనులో వైద్యుని చేత రక్తం తీయించే ఏర్పాటు 204వ సెక్షనులో ఉంది.

యంత్రం వచ్చిన మొదటి రెండు వారాలు ఇంట్లోనే పరీక్షించాను. నా బరువు 74 కిలోలు. మన దుకాణాల్లో దొరికే విస్కీ, బ్రాందీ, రమ్ముల్లో ఆల్కహాలు ఘనపరిమాణంలో 42.8 శాతం, 60 మిల్లీలీటర్ల లార్జి పెగ్గులో 25.7 మిల్లీలీటర్లు, అంటే సుమారు 20 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. స్వీడన్ శాస్త్రవేత్త విడ్‌మార్క్ 1932లో ఇచ్చిన సూత్రం ప్రకారం ఆ 20 గ్రాములు మగవాడి శరీర బరువులో సుమారు 68 శాతం మేర పరచుకుంటాయి కనుక, నా లెక్క 100 మిల్లీలీటర్లకు దాదాపు 40 మిల్లీగ్రాములు రావాలి. ఖాళీ కడుపుతో ఒక లార్జి తాగి 45 నిమిషాల తరువాత ఊదితే 0.037 వచ్చింది. భోజనం మధ్యలో అంతే తాగిన మరో రోజు 0.022 వచ్చింది. అంటే "రెండే పెగ్గులు" కాదు, ఒకే ఒక్క లార్జి పెగ్గు ఆకలి కడుపులో చట్టం హద్దు దాటించగలదు. ఆడవారి శరీరంలో నీటి శాతం తక్కువ కాబట్టి అదే బరువుకు అదే పెగ్గు ఇంకా ఎక్కువ అంకె చూపిస్తుంది. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసా ఒక్కటి, 7 శాతం అనుకున్నా, 36 గ్రాముల దాకా ఆల్కహాలు మోస్తుంది. బీరు మందు కాదనేవారు ఈ లెక్క వేసుకుని చూడాలి.

మన నమ్మకాలన్నీ కూడా వరుసగా పరీక్షకు పెట్టాను. మజ్జిగ తాగి ఊదాను, నిమ్మరసం తాగి ఊదాను, పచ్చి ఉల్లిపాయ నమిలి ఊదాను, యాలకులు నమిలి ఊదాను, చన్నీళ్లతో తలస్నానం చేసి ఊదాను. అంకె కదలలేదు. వాసన మారుతుంది, ముక్కుతో పరీక్షించిన పాతకాలపు కంట్రోలరు మోసపోయేవాడేమో గాని, రక్తంలో ఉన్నది కాలేయం తన తీరికలో 100 మిల్లీలీటర్లకు గంటకు 10 నుంచి 20 మిల్లీగ్రాముల చొప్పున తీసివేయవలసిందే. దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ఉంది. గుటక వేసిన వెంటనే ఊదితే 0.11 వచ్చింది, ఆల్కహాలు ఉన్న మౌత్‌వాష్ పుక్కిలించి ఊదితే 0.08 వచ్చింది, పావుగంట తరువాత ఆ రెండోది సున్నా అయింది. నోట్లో మిగిలిన తడి ఊపిరితో కలిసి వచ్చే అబద్ధపు అంకె అది. చివరి గుటక తరువాత కనీసం పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి ఊదాలని సూచనల పుస్తకం చెప్పింది, ఈ ఒక్క విషయంలో అది పెద్ద అక్షరాల్లోనే చెప్పింది.

యంత్రానికి ఉన్న అసలు హద్దు నాకు అక్టోబరులో శామీర్‌పేట దగ్గర ఒక ఫంక్షన్ హాలులో తెలిసింది. మేనకోడలి నిశ్చితార్థం. అల్లుడు రెండు స్మాల్ పెగ్గులు గబగబా తాగి, భోజనం ముగించి, ఇరవై నిమిషాలు ఆగి, బుద్ధిగా ఊదాడు. 0.026 వచ్చింది, పచ్చ దీపం వెలిగింది. "చూశారా మామయ్యా, మీ యంత్రమే పొమ్మంటోంది" అన్నాడు. పిల్లలను పోగేసి, పెద్దలకు చెప్పుకుని, తాంబూలాల సంచులు కారులో పెట్టేసరికి మామూలుగానే మరో ముప్పావుగంట పట్టింది. కారు దగ్గర మళ్లీ ఊదమన్నాను. 0.034. మధ్యలో అతను చుక్క ముట్టలేదు. మద్యం కడుపులోంచి రక్తంలోకి పూర్తిగా ఎక్కడానికి అరగంట నుంచి గంటన్నర దాకా పడుతుంది, భోజనం ఉంటే ఇంకా మెల్లగా ఎక్కుతుంది. బల్ల దగ్గర ఊదిన అంకె బల్ల దగ్గరిది మాత్రమే, అల్వాల్ కూడలిలో తనిఖీ దగ్గర ఆపినప్పటి అంకె వేరు. ఆ రాత్రి ఫోనులో డ్రైవరును పిలిపించుకున్నాం. అతను శామీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా మా కారునే నడిపి 900 రూపాయలు తీసుకున్నాడు. యంత్రం ధర ఇలాంటి ఏడెనిమిది ప్రయాణాల ఖర్చుతో సమానం. తాగాలని ముందే తెలిసిన రాత్రికి యంత్రం కంటే ఆ డ్రైవరే మేలైన కొనుగోలు అని అప్పటి నుంచి నా అభిప్రాయం.

నల్లగొండ వైపు మా ఊరికి దసరాకు వెళ్లినప్పుడు కల్లు మీద కూడా ప్రయోగం జరిగింది. పొద్దుటి ఈత కల్లుకూ మధ్యాహ్నానికి పులిసిన కల్లుకూ అంకెలో తేడా బాగా కనిపించింది, చట్టానికి మాత్రం సారాయైనా కల్లైనా రక్తంలోకి వచ్చాక ఒకటే. అక్కడ ఒక భయం నన్ను పట్టుకుంది. మన వైపు కొన్ని దుకాణాల్లో కల్లు పేరుతో అమ్మేదానిలో ఆల్ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేటు వంటి మత్తు మందులు కలుపుతారన్నది పోలీసులూ ఎక్సైజువారూ ఎన్నోసార్లు పట్టుకున్న సంగతి. ఆ మందులను ఈ యంత్రం చూడలేదు. కళ్లు మూతలు పడుతున్న మనిషి ఊదినా 0.01 చూపించి పచ్చ దీపం వెలిగించగలదు. చట్టం ఈ సందు వదలలేదు. 185వ సెక్షనులోని రెండో భాగం, మత్తు మందు ప్రభావంతో వాహనాన్ని అదుపులో పెట్టుకోలేని స్థితిలో నడపడాన్ని కూడా అదే నేరంగా పరిగణిస్తుంది. వదిలింది యంత్రమే.

ఇన్ని లోపాలు రాసిన తరువాత, ఈ యంత్రాన్ని నేను ఎందుకు ఉంచుకున్నానో చెప్పాలి. జనవరి 1 ఉదయం కోసం ఉంచుకున్నాను. డిసెంబరు 31 రాత్రి మా డాబా మీద జరిగిన విందులో అల్లుడు తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా అయిదు లార్జిలు తాగాడు. ఎక్కడికీ వెళ్లలేదు, ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు, ఇంట్లోనే పడుకున్నాడు. ఆ రాత్రి రోడ్లన్నీ తనిఖీలతో నిండి ఉంటాయని తెలిసిన బాధ్యత గల మనిషి చేయవలసినది చేశాడు. కొత్త సంవత్సరం నాడు యాదగిరిగుట్ట దర్శనానికి వెళ్లడం మా ఇంటి ఆనవాయితీ. ఉదయం ఆరున్నరకు స్నానం చేసి, పంచె కట్టుకుని, కాఫీ తాగి, తాళం చేతిలో పట్టుకుని కిందికి వచ్చాడు. కళ్లు కొంచెం ఎర్రగా ఉన్నాయే గాని నడక, మాట అన్నీ బాగున్నాయి. నేను ఊరికే, దాదాపు వేళాకోళంగా ఊదమన్నాను. 0.056 వచ్చింది. యంత్రం చెడిపోయిందన్నాడు. నేను ఊదాను, సున్నా. మళ్లీ అతను ఊదాడు, 0.055. ఎనిమిదింటికి 0.035 ఉంది, పెట్టెలోంచి తీసినప్పటి అమరికే ఉండి ఉంటే అప్పుడు పచ్చ దీపం వెలిగేది; తొమ్మిదిన్నరకు 0.013కు దిగింది. మేము పదిన్నరకు బయలుదేరాం, కారు మా అమ్మాయి నడిపింది.

రాత్రి తాగినవాడికి తాను తాగానన్న స్పృహ ఉంటుంది, డ్రైవరును పిలవాలన్న ఆలోచన వస్తుంది, రోడ్డు మీద పోలీసులు ఉంటారన్న భయం ఉంటుంది. ఉదయం ఈ మూడూ ఉండవు. నిద్రపోయి లేచి స్నానం చేసిన మనిషి తన ఒంట్లో ఇంకా నేరానికి సరిపడా మద్యం ఉందని ఊహించలేడు. లెక్క చూస్తే ఆశ్చర్యం లేదు: అయిదు లార్జిలంటే 100 గ్రాముల ఆల్కహాలు, పెగ్గుకు 40 చొప్పున 100 మిల్లీలీటర్ల రక్తంలో 200 మిల్లీగ్రాములు, గంటకు 15 మిల్లీగ్రాముల చొప్పున దిగినా పదమూడు గంటల పని. బడి బస్సు నడిపేవారు, తెల్లవారుజామున విమానాశ్రయానికి క్యాబ్ తీసేవారు, పొద్దున్నే బైకు మీద ఆఫీసుకు వెళ్లేవారు ఈ యంత్రాన్ని కొంటే సద్వినియోగమవుతుంది. ట్రావెల్స్ నడిపేవారు తమ షెడ్డులో ఒకటి పెట్టుకోవడం ఇంకా మంచిది.

అంకె 0.03 కంటే తక్కువ వచ్చింది కనుక అన్ని విధాలా క్షేమమన్న భ్రమ కూడా వద్దు. సమగ్ర వాహన బీమా పాలసీల్లో, మద్యం ప్రభావంలో నడిపినప్పుడు సొంత వాహనానికి జరిగిన నష్టం చెల్లించబోమన్న షరతు ఉంటుంది. 2007లో ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర ఒక పోర్షే కారు బోల్తాపడి కాలిపోయిన కేసులో, శ్వాస పరీక్ష గాని రక్త పరీక్ష గాని లేకపోయినా, చుట్టూ ఉన్న పరిస్థితులను బట్టి మద్యం ప్రభావాన్ని నిర్ధారించవచ్చునని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బీమా కంపెనీ పక్షాన తీర్పు చెప్పింది. శిక్ష వేయడానికి చట్టం 30 అంకెను చూస్తుంది, బీమా కంపెనీ ఆ అంకె దగ్గరే ఆగనవసరం లేదు. ఇక ఎవరి ప్రాణమైనా పోతే 185వ సెక్షను చిన్నదైపోతుంది. 2006లో ముంబై కార్టర్ రోడ్డులో కారు పేవ్‌మెంటు మీద నిద్రిస్తున్న కూలీల మీదికి ఎక్కి ఏడుగురు చనిపోయిన కేసులో, తాగి నడిపిన యువకుడికి నిర్లక్ష్యం కింద కాక హత్య కిందికి రాని ప్రాణహరణం కింద వేసిన మూడేళ్ల శిక్షను 2012లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

ఇప్పుడు నా ఫిర్యాదు. ఫ్యూయల్ సెల్ కాలం గడిచేకొద్దీ మందగిస్తుంది కాబట్టి ఆరు నెలలకో ఏడాదికో దాన్ని తెలిసిన గాఢత గల వాయువుతో సరిచేయించాలి, దానినే క్యాలిబ్రేషన్ అంటారు. అమ్మే పేజీలో ఏడాది పాటు ఉచిత క్యాలిబ్రేషన్ అని రాసి ఉంది. ఫోను చేస్తే వేరే రాష్ట్రానికి నా ఖర్చుతో పంపాలని, మూడు వారాలు పడుతుందని, హైదరాబాదులో సేవా కేంద్రం లేదని చెప్పారు. రెండుసార్లు పంపి తెప్పించే కొరియరు ఖర్చుతో గొట్టాలు ఒక డజను వస్తాయి. గొట్టాలు కూడా విడిగా కొనడం కష్టమే. వేరే కంపెనీవి అతకవు. యంత్రాన్ని ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డులో ఉంచితే సెన్సారు పాడవుతుందని పుస్తకం హెచ్చరిస్తుంది, మన వేసవి సంగతి తెలిసినవారికి ఇది పెద్ద ఇబ్బంది, ఎందుకంటే ఈ వస్తువు అవసరం పడేది కారు దగ్గరే. బ్యాటరీ మాత్రం బాగుంది, వారానికి మూడు నాలుగు సార్లు వాడితే నెలన్నర వచ్చింది. అయిదుకు మూడు మార్కులు వేస్తాను. ఇక్కడి హద్దుకు అమర్చి అమ్మి, హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక సేవా కేంద్రం పెడితే నాలుగు వేసేవాణ్ణి.

జనవరి 1 ఉదయం 0.056 చూసిన తరువాత నాకు డిపోలో పనిచేసిన ఒక డ్రైవరు పదేపదే గుర్తుకొస్తున్నాడు. నాలుగున్నర సర్వీసుకు వచ్చి ఊదితే 40 పైన వచ్చింది. "రాత్రి తాగిన మాట నిజమే సార్, తొమ్మిదింటికి ముగించి పడుకున్నా, పొద్దున చుక్క ముట్టలేదు, పిల్లల మీద ఒట్టు" అన్నాడు. గేటు దాటి వచ్చేముందు ఎక్కడో ఒక గుక్క వేసి ఉంటాడని, పైగా పిల్లల మీద ఒట్లు పెడుతున్నాడని నేను అందరి ముందూ కసిరాను, బండి వేరే డ్రైవరుకు ఇచ్చాను, కాగితం పైకి పంపాను. సగం సీసా తాగిన మనిషికి ఏడున్నర గంటల నిద్ర చాలదని నాకు అప్పుడు తెలియదు. బండి ఇవ్వకపోవడం సరైన పనే, ఈరోజైనా ఇవ్వను. అతను అబద్ధమాడుతున్నాడని కాగితం మీద రాశాను, అది మాత్రం తప్పు.